నలగడమే నా పని: ఒక హెల్మెట్ ఆత్మకథ

కరీంనగర్ నుంచి పెద్దపల్లి మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారి మీద తిరిగిన హెల్మెట్‌ను నేను. పైన గట్టి డొప్ప, లోపల థర్మాకోల్, గదుమ కింద పట్టీ, వెనక ఐఎస్ఐ గుర్తు. కొనేవాళ్లు డొప్పను వేలితో కొట్టి మెచ్చుకుంటారు. ప్రాణం నిలిపేది మాత్రం వాళ్ల కంటికి ఆనని థర్మాకోల్, అదీ తాను నలిగిపోయి.

ఒక్క దెబ్బకే నలిగే సరుకెందుకు, కరీంనగర్ గ్రానైట్ అంత గట్టిది పెట్టొచ్చు కదా అంటారు. లెక్క చూడండి. బండి మీద కూర్చున్న మనిషి తల సుమారు 1.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి పడితే నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు 5.4 మీటర్లు. రబ్బరు బంతిలా అంతే వేగంతో పైకి లేస్తే వేగంలో మార్పు 10.8, తాకి అక్కడే ఆగితే అందులో సగం. ఇలా ఆగిపోవడాన్నే ఇంటర్ పుస్తకం సంపూర్ణ అస్థితిస్థాపక అభిఘాతం అంటుంది. ద్రవ్యవేగం భూమికి చేరుతుంది. గతిజశక్తి థర్మాకోల్‌ను నలపడానికి, వేడికి ఖర్చవుతుంది. నేను లేకపోతే ఆ నలుగుడు పుర్రెకు, మెదడుకు తప్పదు. 150 సెంటీమీటర్లు పడిన తల 2 సెంటీమీటర్లలో ఆగితే దాని మీద సగటు బలం తల బరువుకు దాదాపు 75 రెట్లు. 2 మిల్లీమీటర్లలోనే ఆగితే 750 రెట్లు. గట్టి రాయి ఇచ్చేది ఈ రెండోదే.

పక్క వీధికే కదా, మెల్లగా పోతాం అనేవాళ్లకూ ఈ లెక్కే జవాబు. ఇందులో బండి వేగం లేనే లేదు, పడిన ఎత్తు ఒక్కటే ఉంది. గోదావరిఖనిలో టోపీ లేనిదే బొగ్గుబాయిలోకి దిగని మనిషి కూడా పైకొచ్చాక నన్ను అద్దానికి వేలాడదీస్తాడు. పోలీసులు కనబడితే నెత్తిన పెడతాడు, పట్టీ బిగించడు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ పట్టీతో బిగించాలనే చెబుతుంది. బిగించకపోతే దెబ్బకు ముందే నేను ఎగిరిపోతాను. అంతకన్నా బాధ, ఒకసారి పడ్డాక డొప్ప తుడిచి నన్ను తమ్ముడికి ఇవ్వడం. నలిగిన థర్మాకోల్ మళ్లీ లేవదు, రెండో దెబ్బకు నా దగ్గర ఇచ్చేందుకేమీ మిగలదు. నన్ను పారేయండి, అది నాకు అవమానం కాదు. తమ్ముడికి మాత్రం కొత్తది కొనివ్వండి.