మిల్లు బంద్, మోటారు బాగు

సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమవుతాయి, తవుడు నూనె తీయడానికి పోతుంది. ఆ నూనెలో సంతృప్త కొవ్వు ఐదో వంతుకు కాస్త అటూఇటూ. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం. అయినా షుగర్ వచ్చినవాడికి తవుడు నూనె విషం, గ్లాసెడు కొబ్బరినూనె తీర్థం! 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ తెలుగు జిల్లాలను చుట్టేసింది: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నానికి వెలి. వారం తిరిగేసరికి గ్లూకోమీటర్‌లో అంకె దిగుతుంది, భక్తుడు షుగర్ పోయిందని చాటింపు వేస్తాడు.

అంకె దిగడం నిజమే. అన్నం మానేస్తే దిగక ఏం చేస్తుంది? ట్రైగ్లిజరైడ్లూ తగ్గుతాయి, అదీ ఒప్పుకోవాల్సిందే. మూడు పూటలా తెల్లన్నం గుట్టలుగా పెట్టుకోవడాన్ని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. కానీ మిల్లు బంద్ పెట్టి, కరెంటు బిల్లు తగ్గింది కనక మోటారు బాగైందంటే ఏ ఓనరైనా నమ్ముతాడా? ఇన్సులిన్ పనితనం తెలిసేది పిండిపదార్థం తిన్నప్పుడు. పిండిపదార్థాలు తగ్గించి కొవ్వు పెంచితే ఆరోగ్యవంతులకు సైతం గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గుతుందని లండన్ వైద్యుడు హిమ్స్‌వర్త్ 1930లలోనే చూపాడు. గ్లూకోజు తాగించి చేసే పరీక్షకు ముందు మూడు రోజులు, రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం తినమనేది అందుకే. విజయోత్సవ సభల్లో ఆ పరీక్షకు చెయ్యెత్తేవాళ్లు అరుదు.

పైగా కొవ్వులన్నీ ఒకటి కావు. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో 162 మంది ఆరోగ్యవంతులకు మూడు నెలలు రెండు రకాల భోజనం పెట్టారు. సంతృప్త కొవ్వు తిన్నవాళ్లలో ఇన్సులిన్ చురుకుదనం దాదాపు 10 శాతం తగ్గింది, ఏక అసంతృప్త కొవ్వు తిన్నవాళ్లలో తగ్గలేదు. 2018లో ఫిన్లాండ్‌లో మూడు వారాలు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినిపిస్తే, కాలేయంలో కొవ్వు సంతృప్త కొవ్వుతో 55 శాతం, చక్కెరలతో 33, అసంతృప్త కొవ్వుతో 15 శాతం పెరిగింది. వాళ్లకు తెగ తినిపించారు, మేం బరువు తగ్గుతున్నాం కదా అంటారు డైట్ భక్తులు. సబబే. అప్పుడు దండ వేయాల్సింది తగ్గిన బరువుకు, నూనె డబ్బాకు కాదు. బ్రిటన్‌లో 2017 నాటి డైరెక్ట్ అనే ప్రయోగంలో బరువు తగ్గించే భోజనం పాటించినవాళ్లలో 46 శాతం మంది ఏడాదికల్లా మందుల్లేకుండా షుగర్‌ను అదుపులోకి తెచ్చుకున్నారు, 15 కిలోలు ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మంది. మొదట్లో వాళ్లు తాగిన తక్కువ కేలరీల షేకుల్లో సగానికి పైగా శక్తి పిండిపదార్థాలదే. కొబ్బరినూనె ఊసే లేదు.

ఇక రక్తంలో కొవ్వుల సంగతి. 16 ప్రయోగాలను కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో, మామూలు వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను డెసీలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది. ఎల్‌డీఎల్ అంతా మందుల కంపెనీల కుట్రేనట, అదే కాగితం మీది మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మాత్రం సత్యమట! నిజమే, హెచ్‌డీఎల్ కూడా ఓ నాలుగు పెరిగింది. అయితే హెచ్‌డీఎల్‌ను ఎంతో పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందు ప్రయోగాన్ని, మరణాలు ఎక్కువయ్యాయని 2006లో అర్ధాంతరంగా ఆపేశారు. ఆ మందు తయారు చేసింది కూడా మందుల కంపెనీయే.