శుక్రుడి నిర్వాకం

శుక్రుడు పోయి సూర్యుడి వెనక దాక్కుంటే ఉదయగిరిలో నాకు అజీర్తి ఎందుకు చెయ్యాలి? ఈ ప్రశ్న చాలా రోజులుగా నన్ను తినేస్తోంది. ఒక శ్రావణంలో నేను తిన్నదానికి బదులు తీర్చుకుంటోంది కాబోలు.

2024 జూన్ 4న శుక్రుడు సరిగ్గా సూర్యుడి వెనక్కి చేరాడు. ఆరోజు రాష్ట్రమంతా ఓట్ల లెక్కింపు చూస్తూ కూర్చుంది గాబట్టి ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది పురోహితులొక్కరే. మే, జూన్ నెలలు మౌఢ్యమన్నారు. అది వదిలీ వదలకముందే ఆషాఢం వచ్చి కూర్చుంది. ఆగస్టులో శ్రావణం అడుగుపెట్టిందో లేదో, వాయిదా పడ్డ శుభకార్యాలన్నీ కట్టగట్టుకుని మా ఇంటి మీద పడ్డాయి.

అందులో ఒక్కరోజే నాలుగు. తెల్లారుజామున ఆత్మకూరులో మా తోడల్లుడి గృహప్రవేశం. పదకొండుకల్లా ఉదయగిరిలో మేనకోడలి ఓణీల ఫంక్షన్. సాయంత్రం మా వీధిలోనే బావమరిది కొడుకు మొదటి పుట్టినరోజు. రాత్రికి మళ్ళా ఆత్మకూరే, నా స్నేహితుడి పెళ్ళి. నలభై దాటినా కుదరని సంబంధం వాడికి ఆ ముహూర్తానికే కుదరాలా అంటే, "కుదిరిందే పదివేలు, నోరు మూసుకుని పదండి" అంది మా ఆవిడ. కారు వెనక సీటు నిండా ఆమె చీరలే. పొద్దున ఫొటోలో కనబడ్డ చీర రాత్రి ఫొటోలో కనబడకూడదంట. నా చొక్కాకి ఆ పట్టింపేమీ లేదు. అదొక్కటే నాలుగు ఆల్బమ్‌లలోనూ ఉంది.

"తినకుండా పోతే ఎట్టా?" అని ప్రతిచోటా చెయ్యి పట్టుకుంటారు. తింటాం. ఆ సంగతి అక్కడికి వదిలేద్దాం, తలుచుకుంటేనే గొంతులో ఏదో కదుల్తోంది. అసలు యాతన కడుపుది కాదు, కవరుది.

మా పెళ్ళి 2003లో అయింది. ఆనాటి చదివింపుల పుస్తకం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. మూలలకు పూసిన పసుపు గోధుమరంగుకి తిరిగింది. ఫలానా ఊరు, ఫలానా ఇంటిపేరు, ఇంత. ఏదన్నా పిలుపు వస్తే చాలు, మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని ముందేసుకుంటుంది. కోర్టులో పాత దస్తావేజు తిరగేసే వకీలుకి కూడా అంత నిష్ఠ ఉండదు.

"మీ స్నేహితుడు మనకు 116 చదివించాడు."

"అయితే మనం 1,116 పెడదాం. అయిపోయె."

"ఎట్టా అయిపోద్ది? అప్పుడు బంగారం తులం 6 వేలు లేదు. ఇప్పుడు 70 వేలు. ఆ లెక్కన ఆయన 116 ఇయ్యాల 1,350 పైనే. 1,116 పెడితే వాళ్ళకి నష్టం."

"సరే, 1,516."

"అప్పుడు మనకి నష్టం."

ఈ బేరం ఉదయగిరిలో మొదలై మర్రిపాడు దాటినా తెగలేదు. మధ్యలో నేనొక మెలిక పెట్టాను. వాడప్పుడు బ్రహ్మచారి, ఒక్కడే వచ్చి ఒక్క విస్తరి తిన్నాడు. మనం ఇద్దరం పోతున్నాం. ఆ రెండో విస్తరి ఏ ఖాతాలో రాయాలి? మా ఆవిడ కాసేపు ఆలోచించి, "నేను పెరుగన్నం దగ్గర లేచేస్తాలెండి" అంది. ఇంకో చిక్కు. పెళ్ళిలో వాళ్ళెట్టాగూ రిటన్ గిఫ్టు ఇస్తారు, దాని ఖరీదు ఇందులోంచి తీసెయ్యాలా వద్దా? కవరు మీద అతికించి ఉండే రూపాయి బిళ్ళ మన చదివింపు కిందికి వస్తుందా, కవరు ఖర్చు కిందికి వస్తుందా? కల్యాణమండపం లైట్లు కనబడ్డాక గానీ తీర్పు రాలేదు. 1,116 కవర్లో, మిగిలింది వాడికి పిల్లలు పుట్టినప్పుడు చూసుకుందామని.

రిటన్ గిఫ్టంటే గుర్తొచ్చింది. ఉదయగిరికి వచ్చి సరైన కానుకతో తిరిగిపోయినవాడు శ్రీకృష్ణదేవరాయలొక్కడే. గజపతుల చేతిలో ఉన్న మా దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో పట్టుకుని, పోతూ పోతూ బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. మాకిచ్చింది ప్లాస్టిక్ డబ్బా. ఒకటి కాదు, నాలుగుచోట్లా అదే డబ్బా, మూత సరిగ్గా పట్టనిది. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కొండమీది నర్ది, బిక్కి కర్రతో గరిటెలూ చెంచాలూ చెక్కే ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి. మా ఊరి గరిటె ఎక్కడెక్కడి వంటిళ్ళకో పోతుంది గానీ మా ఊరి ఫంక్షన్‌కి మాత్రం రాదు. దీన్ని హాస్యంగా చెప్పడం నాకు చాతకావడం లేదు.

రాత్రి పెళ్ళిలో వేదిక దగ్గర వరస కదలదు. ఫొటోగ్రాఫర్ "సార్, గడ్డం కొంచెం పైకి" అంటాడు. మా వంతు వచ్చింది. అక్షింతలు వేశాం. పాతికేళ్ళ స్నేహితుడు కదా, వాడికి చెప్పాలని ఒకటి రెండు మాటలు దాచుకుని పోయాను. "రేయ్, తిని పో" అన్నాడు వాడు. ఈలోగా నా భుజం వెనకనుంచి వేరే చెయ్యి వచ్చి వాడి చెయ్యి అందుకుంది. అంతే.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ పద్దు తీరిందని పుస్తకంలో టిక్కు పెట్టింది. నేను ఊరికే పేజీలు తిప్పాను. చివరి పేజీలో, అందరి తర్వాత, మా చేలో పనిచేసినాయన పేరు ఉంది. 51 రూపాయలు. ఆ రోజుల్లో ఆయనకది ఒక రోజు కూలి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వానల్లేక మెట్టచేలు బీడుపడ్డాక పిల్లలు పని వెతుక్కుంటూ చెన్నై వైపు పోయారు. వాళ్ళ ఇంటి నుంచి మాకు ఏ శుభలేఖా రాలేదు, ఇక రాదు. బంగారం రేటు కట్టినా, వడ్డీ కట్టినా ఆ 51 తిరిగి చదివించే చోటు లేదు. మా ఆవిడ కళ్ళజోడు తీసి పుస్తకం మూసింది. ఆ పూట లెక్కల ఊసు ఎత్తలేదు.

శ్రావణం పోతే భాద్రపదం. ఆ నెల ముహూర్తాలుండవు, కవర్లుండవు, డబ్బాలుండవు. చుట్టాలకూ స్నేహితులకూ మనవి ఏందంటే, మమ్మల్ని అప్పుడు పిలవండి. ఊరికే వస్తాం. పప్పూ పచ్చడీ చాలు.