‘ఒక్క డాక్టరే తోలిన’ టర్బో: కొనేవారికీ అమ్మేవారికీ సూచనలు

కర్నూలు నుంచి వచ్చే 40వ నంబరు జాతీయ రహదారి నుంచి తిరుపతికి ఒక దారి చీలేది పూతలపట్టు దగ్గర. ఆ పక్కనే కాణిపాకం. అక్కడి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి జనం ఇప్పటికీ జంకుతారు. కాబట్టి ఈ చుట్టుపక్కల కారింజను నుంచి ఊడదీసిన పాత టర్బో అమ్మదలచినవారు బేరమంతా ఫోనులోనే తేల్చుకోవాలి. "కాణిపాకం వచ్చి చెప్తావానా?" అని కొనేవాడు అడిగేదాకా రానివ్వరాదు.

తర్వాత ఆన్‌లైన్ ప్రకటనకు ఫొటో. ఆయిల్ కారిన వైపు నేలకు ఆనించి, సాయంత్రపు ఎండలో తీయాలి. తిరిగిన కిలోమీటర్లు రాయనక్కర్లేదు. "ఒక్క డాక్టరు గారే తోలిన బండిది" అంటే చాలు. చిత్తూరు జిల్లా డాక్టర్లంతా ఇలా టర్బోలు ఊడదీసి అమ్ముకుంటుంటే ఆసుపత్రుల్లో ఎవరుంటున్నారో మరి.

గిరాకీకి కారణం లేకపోలేదు. మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. మరుసటి ఏడు ఫోక్స్‌వాగన్ పోలో కూడా సెలవు తీసుకుంది. 2015లో వచ్చిన 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో ఇప్పుడు రోడ్డుమీద కనిపిస్తే కుర్రాళ్లు బండి ఆపి మరీ చూస్తారు. అలాంటి కార్ల సామాను కోసం చాలామంది పాతదే వెతుకుతారు. ఎక్కడ దొరికినా "లాస్ట్ ఎంతనా?" అన్న ప్రశ్నతోనే బేరం మొదలవుతుంది. మర్యాదగల కొనుగోలుదారు వస్తువు పేరు చదవకముందే ఆ మాట అడుగుతాడు.

అల్లాయ్ చక్రాలు కొనేటప్పుడు కొలతలడిగి అమ్మేవాణ్ణి నొప్పించరాదు. పోలో చక్రానికి అయిదు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం మీద. స్కోడా ఆక్టేవియాకూ అయిదే, కానీ వలయం 112. ఫొటోలో లెక్కపెడితే రెండూ అయిదే కదా! వాటితో టైర్లూ వస్తే, పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడకపోవడం ఆరోగ్యానికి మంచిది. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. "కొత్త టైర్లే బ్రదర్" అన్నవాడి మాట అంతటితో పాతబడిపోతుంది.

టర్బో విషయంలో మెకానిక్ చెప్పేది వేరు. షాఫ్ట్ పట్టుకుని అటూఇటూ కదిపితే రవ్వంత ఆడటం సహజం. లోపలికీ బయటికీ ఆడితే మాత్రం బేరింగు పని అయిపోయినట్టే. గాలి పీల్చే వైపు రెక్కల అంచులు చిట్లి ఉన్నాయేమో కూడా చూడాలి. ఇదంతా చేత్తో పట్టుకుని చూడాల్సిన పని. చెన్నై పుదుపేటలో పాత సామాను కొనేవారు అలాగే చూస్తారు. ఆన్‌లైన్‌లో ఆ శ్రమ లేదు. పార్శిల్ ‘టు-పే’లో వస్తుంది. ముందు కిరాయి కట్టాలి, ఆ తర్వాతే విప్పి ఏడవాలి.

డబ్బు దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది" అంటూ ఒకాయన బేరమాడకుండానే కొంటాడు. అమ్మేవాడికి డబ్బు పంపడానికని క్యూఆర్ కోడ్ పెట్టి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న సంగతి చాలామందికి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసే వేళకు తెలుస్తుంది.

కొన్నది బిగించాక చట్టం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గోల చేసే బైకు సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించడం ఆంధ్రాలో జరిగిందే. అందుకే ఎగ్జాస్ట్ అమ్మేవాడు ప్రకటన చివర "రోడ్డు మీద వాడరాదు, షో కోసమే" అని తప్పక చేర్చాలి. కొన్నవాడు దాన్ని హాల్లో గోడకు తగిలించుకుంటాడని ఇద్దరూ గట్టిగా నమ్మాలి.