కంపోజిటరోపాఖ్యానము (సటీకాతాత్పర్యము)

అవతారిక

మహాకవి చావు మామూలు చావు కాకూడదన్నది సినిమావారి శాస్త్రం. ఆయనకు జ్వరం రాకూడదు, అప్పులవాళ్ల బాధ ఉండకూడదు. పొగమంచు ఉండాలి, గుర్రబ్బండి ఉండాలి, లోపల గడియ వేసిన గదిలో శవం ఉండాలి. పోస్టరు మీద కవి ముఖం చతుశ్శాస్త్రాలూ చదివి విసిగినట్టుండాలి. ఈ శాస్త్రానికి ఉదాహరణ 2012లో వచ్చిన ‘ద రేవెన్’. తీసినవాడు జేమ్స్ మెక్‌టీగ్. ఎడ్గర్ ఆలన్ పో వేషం కట్టినవాడు జాన్ క్యూజాక్. 1849లో బాల్టిమోర్ నగరంలో అచ్చం పో కథల్లో ఉన్నట్టే వరసగా హత్యలు జరుగుతుంటే పోలీసులు ఆ కథకుడినే పిలుచుకొస్తారు. దీనికి తగిన మూలపద్యం మా పాతబస్తీలో ఏ తాళపత్రంలోనూ దొరకలేదు గనుక వ్యాఖ్యాతే కూర్చుకొన్నాడు.

మూలము

కవిని చంపువాఁడు కంపోజిటరుఁడంట
వెదకువాఁడు ఠాణ వీరుఁడొకఁడు
కథలు రాసినట్టి ఘనుఁడేమొ వెనువెంట
పరుగులెత్తి చచ్చె, ఫలితమేమి?

హంతకుడెవరో మొదటి పాదంలోనే చెప్పేశావేమని కొందరు కోప్పడవచ్చు. భామహుడు, దండి చెప్పిన కావ్యదోషాల్లో స్పాయిలర్ అన్నది లేదు.

ప్రతిపదార్థము

పదాలన్నీ బాలురకు సైతం తెలిసినవే గనుక రాయడం లేదు. ‘చచ్చె’ అన్న క్రియకు కర్త కవియా, టికెట్టు కొన్న ప్రేక్షకుడా అన్న చర్చ ఉంది. ఉభయత్ర అన్వయిస్తుంది.

వ్యాఖ్య

‘ఠాణ వీరుఁడు’ అనగా ఇన్‌స్పెక్టర్ ఫీల్డ్స్. అపరాధ పరిశోధన కథ అనే జాతికి మూలపురుషుడు పో. 1841లో గ్రేహమ్స్ మాగజీన్‌లో ‘రూ మోర్గ్ హత్యలు’ అచ్చయినప్పుడు షెర్లాక్ హోమ్స్ పుట్టడానికి ఇంకా నలభై ఆరేళ్లుంది. ఆ కథలోని డ్యూపాన్ నుంచే హోమ్సూ వచ్చాడు, మన కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధరూ వచ్చాడు. అంతటివాణ్ణి తీసుకొచ్చి ఒక ఇన్‌స్పెక్టరు వెనక ప్రొబేషనరులా నడిపించారు. పో బుద్ధికి పని చెప్పిన సన్నివేశాలు తక్కువ, కాళ్లకు చెప్పినవే ఎక్కువ.

ఇచ్చట ప్రసక్తానుప్రసక్తంగా కాళిదాసు చావు విచారించవలసి ఉన్నది. సింహళంలో కుమారదాసుడనే రాజు, ‘జానకీహరణం’ రాసిన కవి, ఒక వేశ్య ఇంటి గోడ మీద తామర మీద తామర పుట్టడం గురించి సగం శ్లోకం రాసి, పూరించినవారికి బహుమానమని ప్రకటించాడట. ఆ ఇంట బస చేసిన కాళిదాసు మిగతా సగం రాశాడు. బహుమానం మీద ఆశతో ఆమె కవిని చంపి, పూరణ తనదే అంది. రాజు ఒక్కసారి చదివాడు. ఇది దీని చేతి మాట కాదు, కాళిదాసుదే అన్నాడు. శవం దొరికింది, రాజు కవి చితిలోనే దూకాడు. చరిత్ర ఒప్పుకొంటుందా అంటే ఒప్పుకోదు. అది చరిత్ర దురదృష్టం. ఈ కథ ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. గుర్రం లేదు, సొరంగం లేదు, భూతద్దం లేదు. హత్యకు కారణం సమస్యాపూరణం, సాక్ష్యం శైలి, నేరస్థలం గోడ, డిటెక్టివు సహృదయుడు. చచ్చినవాడి పద్యమే చంపినవాళ్లను పట్టించింది. సహృదయత్వమంటే ఏమిటని ఆలంకారికులు సంపుటాలు రాశారు. అది ఠాణాలో కూడా అక్కరకొస్తుందని ఈ కథ ఒక్కటే చెప్పింది. సగం శ్లోకం చూసి కర్తను పట్టగల ఇన్‌స్పెక్టరు ఇప్పుడు ఏ స్టేషన్‌లో ఉన్నాడు? ఫిర్యాదు కాగితం పూర్తిగా చదివేవాడు దొరికినా మొక్కుకొందుము. మెదక్ జిల్లా కొల్చారం మనదే, కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఆ ఊరివాడే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ నేను చేయలేదు గనుక ఈ పేరా నిలిచింది.

ఇంతకూ మనం సినిమాలో ఉన్నాం.

విశేషము

‘కంపోజిటరుఁడంట’. వ్యాఖ్యాతకు అసలు మంట ఇక్కడ. పో రచనలు వేసే పత్రికలోనే టైపు కూర్చే ఐవాన్ అనేవాడు హంతకుడని చివర్లో బయటపెడతారు. ఆ సినిమాను నేను ఛత్తా బజార్‌లో ఒక చాచా పక్కన కూర్చొని చూశాను. పురానీ హవేలీ దగ్గర ఆ వీధి మొత్తం ప్రెస్సులే. ఊళ్లో సగం పెళ్లిళ్ల రుఖాలు అక్కడే అచ్చవుతాయి. చాచా జీవితమంతా సీసపు అక్షరాలతో గడిపినవాడు. హంతకుడెవరో తెలియగానే ఆయన లేచి నిలబడి, “ఖూన్ కర్నే కూ హమీచ్ మిలే క్యా మియా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అయ్యా, కంపోజిటరంటే ఎవరు? రచయిత దస్తూరీ రచయితకే అర్థం కానప్పుడు అర్థమైనవాడు. అచ్చు, హల్లు, గుణింతం, వత్తు, ఒక్కొక్కదానికీ ఒక గడి. తెలుగు కేసంటే గళ్లు వందలు. చూపు కాగితం మీద, చెయ్యి కేసులో, స్టిక్కులో అక్షరాలన్నీ తిరగబడి. గాలీ ప్రూఫులో దొర్లిన తప్పుకు తిట్లు తినేది అతను, దిద్దిన రచయిత తప్పుకు మెప్పు పొందేది రచయిత. ఉర్దూ పత్రికల్లో కాతిబ్‌లది ఇంకా కఠినమైన ఉద్యోగం: కంప్యూటర్లు వచ్చేదాకా రోజూ పేపరు పేపరంతా చేత్తో రాయాలి. ఒక్క కాతిబ్ పేరు చెప్పండి చూద్దాం. ఇంత చాకిరీ చేసినవాడికి తెర మీద ఒక వేషమిచ్చి, తీరా ఉన్మాదిని చేశారు. సంపాదకుణ్ణి చేయొచ్చుగా? పారితోషికం ఎగ్గొట్టిన పత్రికాధిపతి హంతకుడంటే రచయితలు లేచి చప్పట్లు కొట్టేవారు.

దీనికి మించిన అన్యాయం ఒకటుంది. 1849 అక్టోబర్ 3న బాల్టిమోర్‌లో గన్నర్స్ హాల్ అనే సారాయి అంగడి దగ్గర పో ఒళ్లు తెలియని స్థితిలో ఉంటే చూసినవాడు జోసెఫ్ వాకర్. ఇక్కడ ఒక పెద్దమనిషి దుస్థితిలో ఉన్నాడు, వెంటనే సాయం కావాలని పో మిత్రుడు డాక్టర్ స్నాడ్‌గ్రాస్‌కు చీటీ రాసి పంపినవాడు ఇతనే. ఈ వాకర్ ఉద్యోగం? ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో కంపోజిటరు! చరిత్రలో ఆ కవి కోసం కదిలిన చెయ్యి టైపు కూర్చే చెయ్యి. సినిమాలో విషం తాగించింది అదే చెయ్యి. కనుక మొదటి పాదానికి ఛత్తా బజార్ ప్రతిలో ‘కవిని కాచువాఁడు’ అని పాఠాంతరం. గణాలు చెడలేదు, యతి చెడలేదు. పండితులు దీన్నే గ్రహించాలి.

దోషవిచారము

దేశవిరోధము: బాల్టిమోర్‌ను బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్‌లలో తీశారు. దీన్ని క్షమిస్తున్నాను, 2003లో వచ్చిన ‘ఒక్కడు’ కోసం మా చార్మినార్‌నే గుణశేఖర్ ఊరి బయట సెట్టు వేయించాడు, బాగానే నిలబడింది.

కాలవిరోధము: విమర్శకుడు గ్రిస్‌వోల్డ్‌ను ఈ సినిమాలో లోలకపు కత్తితో రెండు ముక్కలు చేస్తారు. అసలు గ్రిస్‌వోల్డ్ పో పోయిన రెండో రోజునే ‘లుడ్విగ్’ అన్న దొంగపేరుతో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో నిందతో నిండిన సంతాపం రాసి, పైగా ఆయన రచనలకు సంపాదకుడై, 1857 దాకా బతికాడు. చచ్చిన కవిని మళ్లీ చంపినవాణ్ణి ముందే చంపేస్తే ఇక కథేముంది? హంతకుడి నోట జూల్ వెర్న్ పేరు కూడా వస్తుంది. 1849లో వెర్న్‌కు ఇరవై ఒకటి. మొదటి నవల 1863లో గాని రాలేదు. ఐవాన్ జ్యోతిష్యం నేర్చి ఉండాలి.

శంక: పో నిజంగా ఎలా పోయాడు?

సమాధానము: ఆయన దొరికిన రోజు ఎన్నికల రోజు. ఆ సారాయి అంగడే పోలింగ్ కేంద్రం. ఒంటి మీద ఉన్న బట్టలు ఆయనవి కావు. మనుషుల్ని పట్టుకెళ్లి, తాగించి, బట్టలు మార్చి మార్చి దొంగ ఓట్లు వేయించే ముఠాలు ఆ రోజుల్లో ఉండేవి, పోను వాళ్లే పట్టుకున్నారని ఒక వాదం. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి అక్టోబర్ 7న నలభై ఏళ్లకే పోయాడు. అవతల రిచ్‌మండ్‌లో ఆయన చిన్ననాటి స్నేహితురాలు ఎల్మైరా షెల్టన్‌తో పెళ్లి మాట నడుస్తోంది. దొంగ ఓటంటే ఏమిటో మా గల్లీలో ఎవరికీ టీక అవసరం లేదు. ఈ కథ తీసి ఉంటే యాకుత్‌పురాలో రెండు ఆటలైనా నిండేవి. ఇంత దినుసు చేతిలో పెట్టుకొని మెక్‌టీగ్ మహాశయుడు ఎమిలీ అనే లేని పెళ్లికూతుర్ని పుట్టించి, ఆమెను నేల చెక్కల కింద దాచి, రెండు గంటలు మనచేత వెదికించాడు.