తలకిందుల చిట్కాలు

చెరువు నీళ్లలోని వృక్ష ప్లవకాల మీద పీహెచ్‌డీకి దిగేవాళ్లకు నేను చెప్పేవి చాలామంది గైడ్లకు నచ్చవు. అయినా చెబుతాను.

వల ఇంట్లో వదిలి వెళ్లండి. 20 మైక్రాన్ల కన్నున్న వలలోంచి కూడా అంతకన్నా సన్నవి నీళ్లతో జారిపోతాయి. వలలో పడ్డవాటినే లెక్కేసి చెరువులో ఇవే ఉన్నాయనడం, జల్లెడలో మిగిలిన నూక చూసి పిండే లేదన్నట్టు. ముంచిన నీళ్లు ముంచినట్టే సీసాలో పట్టి, లూగాల్ అయోడిన్ వేసి అడుక్కి దిగనివ్వండి.

రెండో సీసాలో మాత్రం అయోడిన్ వేయకండి. ఆ సాయంత్రమే ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టండి. యూగ్లీనా ఒళ్లు ముడుస్తూ, సాగదీస్తూ పోతుంటుంది. ముందువైపు ఎర్రటి కంటిచుక్క. అయోడిన్ పడిందా, అదంతా బెల్లం రంగు ఉండ.

పది పాయింట్లలో నెలకోసారి నమూనా తీయడం మానండి. ఒకటే పాయింటు, వారానికి రెండుసార్లు. కొన్ని ప్లవకాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతాయి. మీరు వెళ్లిన రెండుసార్ల మధ్యలో చెరువు పచ్చబడి, విరిగి, మళ్లీ తేరుకున్నా మీ పట్టికలో ఆ జాడే ఉండదు. కొల్లేరులాంటి చోట మరీను. వానల్లో బుడమేరు, తమ్మిలేరు పోటెత్తుతాయి. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా ఉప్పునీళ్లు ఎదురెక్కుతాయి.

పగలు కాదు, చీకట్లో వెళ్లండి. నేను మూడు నెలలు పదకొండు గంటలకే ఆక్సిజన్ కొలిచాను. అంకెలన్నీ ముచ్చటగా వచ్చాయి. చివరికి ఒక చేపల రైతు అన్నాడు: "మీరొచ్చేసరికి ఎండెక్కిపోతోందమ్మా. తెల్లారగట్ల రండి. చేపలు మూతులు పైకెత్తి గాలి తాగుతుంటాయి." వెళ్లి చూశాను, నిజమే. పగలంతా ఆక్సిజన్ వదిలే ఆ పచ్చదనమే రాత్రంతా దాన్ని పీల్చేసుకుంటుంది. ఆ మూడు నెలల పట్టికను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. బాధగానే ఉండింది.

ఇక ప్లవకాల పేర్లు. వాటిని గుర్తుపట్టడానికి 1959 నాటి దేశికాచారి పుస్తకమూ, 1967 నాటి ఫిలిపోజ్ పుస్తకమూ బల్ల మీద ఉండాల్సిందే. కానీ బొమ్మ కాస్త పోలిందని పేరు తగిలించేయకండి. కణాలు ఎన్ని, ముళ్లు ఎటు తిరిగాయి, జిగురు పొర ఉందా అని చూస్తూ పెన్సిల్‌తో గీయండి. తేలకపోతే పేరు గడి ఖాళీగా వదలండి. వైవాలో ఎవరైనా ఆ ఖాళీ ఏమిటని అడిగితే, బొమ్మ తీసి బల్ల మీద పెట్టండి.