రిటైరయ్యారా? ఇక ఎవరి మాటా వినకండి!

ఆట మానేసిన మర్నాటి నుంచే మీకు సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువైపోతారు. గురువుల్ని వదులుకోకు, మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకో, కొత్త పని నేర్చుకో అంటారు. ఈమధ్య దీనికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని పేరొకటి తగిలించి, హోటల్లో ఏసీ హాలు మాట్లాడి, భోజనాలు పెట్టి మరీ చెబుతున్నారు. భోజనం చేసి వచ్చేయండి, మాటలు మాత్రం వినకండి. ఇన్నేళ్ళూ కోచ్ లేవమంటే లేచారు, తినమంటే తిన్నారు, పడుకోమంటే పడుకున్నారు. ఇంకానా? మీ ఇష్టమొచ్చినట్టు చెడిపోయే హక్కు ఇప్పటికి మీ చేతికొచ్చింది. దాన్ని సక్రమంగా వాడుకునే పద్ధతి తెలియక చాలామంది మాజీలు బాగుపడిపోతున్నారు. ఆ బాధ చూడలేక ఇది రాస్తున్నాను.

అసలు మొదటి సలహా ఏమిటంటే, రిటైరవకండి. మోకాలు మొరాయించినా, సెలెక్టర్లు ఫోన్ ఎత్తడం మానేసినా, వచ్చే సీజన్‌లో చూడండి నా సంగతి అంటూ ఉండండి. ఎవరైనా నవ్వితే సి.కె. నాయుడు గారిని అడ్డం పెట్టుకోండి. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు కెప్టెన్‌గా దిగిన ఆయన 1956-57లో, 61 ఏళ్ళ వయసులో, ఇంకా రంజీ ఆడుతున్నారు. ఆ వయసులోనూ ఆయన పరుగులు చేశారన్న సంగతి మాత్రం ఎత్తకండి. మీ స్కోర్లు అడుగుతారు.

వి.వి.ఎస్. లక్ష్మణ్ జోలికి వెళ్ళకండి. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్‌కు జట్టులో ఆయన పేరుంది. మొదటి టెస్టు ఉప్పల్‌లోనే. సొంత ఊళ్ళో, సొంత జనం మధ్య ఆడి, దండలు వేయించుకుని, చెయ్యూపి వెళ్ళొచ్చు. ఆయనేమో మ్యాచ్‌కు కొద్దిరోజుల ముందు విలేకరుల్ని పిలిచి, అంతరాత్మ చెప్పింది, తప్పుకుంటున్నానన్నారు. అంతరాత్మ మాట వింటే ఏమవుతుందో చూడండి: 2021 చివర్లో నేషనల్ క్రికెట్ అకాడమీ తెచ్చి నెత్తిన పెట్టారు. ఊరంతమంది కుర్రాళ్ళ మోకాళ్ళు, భుజాలు, దిగుళ్ళు దాంతో ఆయన లెక్కలోకే వచ్చాయి.

ఇక ఇంటి సంగతి. ముందుగదిలో ఒక గాజు బీరువా పెట్టించండి. మెమెంటోలన్నీ అందులో సర్దండి, మీ పేరు తప్పుగా చెక్కిన ఇత్తడి రేకుతో సహా. రాత్రి టీవీలో మ్యాచ్ మొదలవుతుంది. మీరు ఆడిన స్థానంలో ఎవడో ఇరవై ఏళ్ళ కుర్రాడు దిగుతాడు. మీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఆ క్షణం చాలా విలువైంది, పాడుచేసుకోకండి. రిమోట్ సోఫాలోకి విసిరేసి, కూరలో ఉప్పెక్కువైందని అరవాలి. "ఏమైందండీ?" అని మీ ఆవిడ అడుగుతుంది. "ఏం లేదు" అనాలి. ఆ తర్వాత పిల్లవాడు లెక్కల పుస్తకం పట్టుకుని వస్తాడు, వాడి మీదా అరవాలి. అత్త మీది కోపం దుత్త మీద చూపడంలో ఉన్న సుఖం ఏమిటంటే, దుత్త తిరిగి ప్రశ్న అడగదు.

పొరపాటున నోరుజారి, "వాణ్ణి చూస్తే కుళ్ళుగా ఉందే. వాడు బాగా ఆడుతున్నాడు, అదింకా కష్టంగా ఉంది" అన్నారా, పని చెడినట్టే. ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి, "ఉండదేంటి మరి?" అని పక్కన కూర్చుంటుంది. పదేళ్ళపాటు పెంచి పెద్దచేయాల్సిన దుగ్ధ పది నిమిషాల్లో కరిగిపోతుంది. మళ్ళీ పోగేసుకోవాలంటే ఎంత కష్టం!

నోరువిప్పిన వాళ్ళ గతి చూసైనా నేర్చుకోండి. మైకేల్ ఫెల్ప్స్ 2012 లండన్ తర్వాత ఈత మానేశాడు. అప్పటికే 22 ఒలింపిక్ పతకాలు. అయినా మనిషి లోపల కుప్పకూలిపోయాడు. 2014లో తాగి కారు నడుపుతూ పోలీసులకు దొరికాడు, గదిలోంచి బయటకు రాకుండా, బతకాలని లేదనుకునేదాకా వెళ్ళాడు. అక్కడితో ఆగితే మన పద్ధతికి నమూనాగా నిలిచేవాడు. కాదని చికిత్సకు వెళ్ళి, ఉన్నదంతా చెప్పుకున్నాడు. ఫలితం? 2016లో రియోలో మళ్ళీ నీళ్ళలో దూకి ఐదు స్వర్ణాలు, ఒక రజతం. ఇప్పుడేమో ఆ దిగులు గురించే ఊరూరా మాట్లాడుతున్నాడు. మన అభినవ్ బింద్రా అయితే మరీ అన్యాయం. 2008లో బీజింగ్‌లో దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చి, హాయిగా ఛాతీ విరుచుకుని తిరగక, గెలిచాక తనను కమ్ముకున్న శూన్యం గురించి చెప్పుకొచ్చారు. బంగారం తెచ్చినాయనకే అంత దిగులుంటే క్వార్టర్ ఫైనల్లో ఇంటికొచ్చిన నాకుండటంలో తప్పేముంది అని ఎవడైనా అనుకుంటే? వాడు రేపు డాక్టర్ దగ్గరకు వెళ్ళే ప్రమాదం లేదూ?

స్పోర్ట్స్ కోటా ఉద్యోగులకు ప్రత్యేకంగా చెప్పాలి. రైల్వేలోనో, బ్యాంకులోనో, పోలీసుశాఖలోనో ఉంటారు. ఆడినన్నాళ్ళూ ఆఫీసంటే జీతం పడేచోటు. క్యాంపులు, టోర్నమెంట్లు, స్పెషల్ క్యాజువల్ లీవు. సీటు ఏ కిటికీ పక్కనుందో కూడా సరిగ్గా తెలియదు. ఆట ఆగాక, ముప్ఫై అయిదు దాటిన వయసులో, తొలిసారి ఆ కుర్చీలో పూర్తిరోజు కూర్చుంటారు. ఎదురుగా ట్యాగు కట్టిన ఫైలు. నోట్ పెట్టమంటాడు సూపరింటెండెంటు. ఏం పెట్టాలో, ఎక్కడ పెట్టాలో తెలియదు. పక్కసీటు అమ్మాయి పోటీపరీక్ష రాసి నిన్నగాక మొన్న చేరింది. మీ తంటాలు చూసి, "ఇటివ్వండి సార్, పాతది ఒకటి చూపిస్తాను, అలాగే రాసేయండి" అంటుంది.

ఇవ్వకండి. ఇస్తే అరగంటలో పని వచ్చేస్తుంది. దాంతోపాటు ఆఫీసులో మీకు మొదటి స్నేహితురాలు దొరుకుతుంది, మధ్యాహ్నం డబ్బాలో పప్పు పంచుకోవాల్సి వస్తుంది. బదులుగా క్యాంటీన్‌లో నిలబడి, "దేశానికి ఆడినవాడితో గుమాస్తా పని చేయిస్తున్నారు" అని నలుగురూ వినేలా అనండి. ఆ నలుగురూ గుమాస్తాలే కాబట్టి మాట టీ కప్పుల కంటే వేగంగా అన్ని సెక్షన్లూ తిరుగుతుంది. ఊసవానిపేట కరణం మల్లీశ్వరిని ఎవరైనా ఉదాహరణగా తెస్తే ఒప్పుకోకండి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన ఆవిడ 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలరయ్యారు. స్నాచ్‌లోనూ జర్క్‌లోనూ ఎక్కడా ఫైలు చూడటం నేర్పరు. ఆ వయసులో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవడమంటే ఎంత నామోషీ!

గురువు విషయంలో సూత్రం ఒకటే: ఏరు దాటారు, తెప్ప తగలెయ్యండి. ఆయన ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజ్ పెట్టండి. గురువుకు మీ అసలు స్థాయి తెలుసు, మీరు తొలి టోర్నమెంట్‌లో వాంతి చేసుకున్న సంగతి గుర్తు. అలాంటి సాక్షుల్ని దగ్గర ఉంచుకోకూడదు. ఆయన స్థానంలో "అన్నా, నువ్వుంటే ఆ మ్యాచ్ మనదే" అనే బృందాన్ని చేర్చుకోండి. బిర్యానీ ఖర్చు మీది. ప్లాట్లు కూడా వాళ్ళే చూపిస్తారు. కాగితాలు చదివి సంతకం పెట్టకండి, నమ్మకం లేదనుకుని నొచ్చుకుంటారు.

తెప్పను తగలెయ్యకుండా భద్రంగా దాచుకున్నవాళ్ళ అవస్థ వేరు. ఎస్.ఎ. రహీం అని హైదరాబాద్ బడిపంతులు ఒకాయన ఉండేవారు. సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును, తర్వాత దేశపు జట్టును తీర్చిదిద్దారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటేడే క్యాన్సర్‌తో పోయారు. మనిషి పోయాడు కదా, పీడ విరగడైందనుకుంటాం. లేదు. జకార్తా ఫైనల్లో గోల్ కొట్టిన పి.కె. బెనర్జీకి ఆయన కోచింగ్ జబ్బు అంటుకుంది. బూట్లు విప్పాక ఆయనా కోచ్ అయ్యాడు. మ్యాచ్‌కు ముందు కుర్రాళ్ళను కూర్చోబెట్టి ఆయన మాట్లాడే మాటలకు కలకత్తా 'వోకల్ టానిక్' అని పేరే పెట్టేసింది. హైదరాబాద్ గాలి హుగ్లీ దాకా వీచిందంటే జబ్బు ఎంత దూరం పాకుతుందో ఆలోచించండి.

బ్యాడ్మింటన్ గోపీచంద్‌ది ఇంకా ముదిరిన కేసు. ఇక్కడ ఆరిఫ్ గారి దగ్గర, బెంగళూరులో ప్రకాశ్ పదుకొణె దగ్గర నేర్చుకుని, ప్రకాశ్ 1980లో గెలిచిన ఆల్ ఇంగ్లండ్‌ను 2001లో తానూ గెలిచారు. మోకాలు కోయించుకుని మరీ. ఇక జీవితాంతం రిబ్బన్లు కత్తిరించి బతకొచ్చు. ఆయన ఇల్లు తాకట్టుపెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టారు. తెల్లారకముందే కోర్టులో ఉంటారు, ఆట తనది కాకపోయినా. 2012 ఒలింపిక్స్‌లో ఆయన శిష్యురాలు సైనాకు కాంస్యం, 2016లో మరో శిష్యురాలు సింధుకు రజతం. రియోకు ముందు మూడు నెలలు సింధు ఫోన్ తీసేసుకున్నారు, రియో చేరాక తీపి పెరుగూ ఐస్‌క్రీమూ మాన్పించారు. పతకం రాగానే, ముందు ఫోన్ తిరిగిచ్చేస్తాను, ఇక ఐస్‌క్రీమ్ తినొచ్చు అన్నారు. శిష్యురాలు ఏం వదులుకుందో మర్చిపోకుండా లెక్క పెట్టుకున్నారన్నమాట. అంత జ్ఞాపకశక్తి కోచ్‌కు అనవసరం. సైనా 2014లో బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరకు వెళ్ళినప్పుడు తనెంత బాధపడ్డారో కూడా తర్వాత బయటికే చెప్పారు. కోచ్ అన్నవాడు బాధపడొచ్చా? పడినా చెప్పొచ్చా? పైగా 2017లో ఆమె తిరిగొస్తే మళ్ళీ కోర్టులోకి రానిచ్చారు. మీరైతే గేటుకు తాళం వేసి, తాళం ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

ఇన్ని చెప్పినా కొందరికి కోచింగ్ ఇవ్వాలనే దురద ఉంటుంది. సరే, ఇవ్వండి, పద్ధతిగా చెడగొట్టండి. వేసవి శిబిరం. మున్సిపల్ గ్రౌండ్. నీడ మొత్తానికి ఒకే వేపచెట్టు, ప్లాస్టిక్ కుర్చీ అక్కడ వేయించుకోండి. "మా రోజుల్లో" అని మొదలుపెట్టి ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆపకండి. పదమూడేళ్ళ పిల్లవాడొకడు తేలిక క్యాచ్ వదిలేస్తాడు. వాడి కళ్ళు బంతి మీద కాదు, గేటు దగ్గర స్కూటర్ మీద కూర్చున్న వాళ్ళ నాన్న మీద ఉన్నాయని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఎందుకంటే మీ నాన్న కూడా అలాగే సైకిల్ ఆనించుకుని నిలబడేవాడు. ఆ ఆలోచన రాగానే తల విదిలించండి. "చేతులా, చిల్లుగిన్నెలా?" అనండి. గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు వేయించండి. వాడు సైట్‌స్క్రీన్ వెనక ముక్కు తుడుచుకుంటుంటే చూడనట్టు ఉండండి. రేపటినుంచి వాడు క్యాచ్‌లు వదలడు. బంతి వచ్చే వైపే నిలబడడు.

దీనికి సచిన్ గురువు ఆచ్రేకర్ గారిని తోడు తెచ్చుకోవచ్చు, ఒక షరతు మీద. 2013 నవంబర్‌లో వాంఖెడేలో వీడ్కోలు మాటలు చెబుతూ సచిన్, సార్ తనను ఒక్కసారి కూడా బాగా ఆడావని అనలేదన్నాడు. ఇది కంఠస్థం చేయండి, పిల్లల్ని ఎందుకు మెచ్చుకోరని ఎవరడిగినా అప్పజెప్పండి. అదే ప్రసంగంలో, సార్ తన స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని శివాజీ పార్కులో ఒక మ్యాచ్, ఆజాద్ మైదానంలో ఇంకో మ్యాచ్ ఆడించేవారని కూడా ఉంది. ఆ ముక్క వదిలేయండి. పెట్రోల్ ధర తెలుసుగా.

డబ్బు మాటొచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ద్రవిడ్‌తో పొత్తు పెట్టుకోకండి. 2018లో అండర్-19 కుర్రాళ్ళు ప్రపంచకప్ గెలిస్తే కోచ్‌గా ఆయనకు 50 లక్షలు, మిగతా సిబ్బందికి తలా 20 లక్షలు అని బోర్డు ప్రకటించింది. అందరం కలిసే పనిచేశాం, సమానంగా ఇవ్వండని పట్టుబట్టి తన వాటాను 25 లక్షలకు దించుకున్నాడు. ఇలాంటివాడు పక్కనుంటే మసాజర్ పేరు కూడా గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే మూడు నాలుగేళ్ళలో ఫలితం కనిపిస్తుంది. గురువు ఫోన్ చేయడం మానేస్తాడు, శిబిరంలో పిల్లలు సగమవుతారు, ఇంట్లో ఎవరూ ఏమైందని అడగరు. అప్పుడు మీరు జిల్లా క్రీడాసంఘం కార్యదర్శి పదవికి పూర్తిగా అర్హులు. ఎన్నికకు ప్రతిపాదించేవాడు ఒకడు, బలపరిచేవాడు ఒకడు కావాలి. వెతుక్కోనక్కర్లేదు, అక్కడున్నవాళ్ళంతా ఈ పద్ధతిలో తయారైనవాళ్ళే. నామినేషన్ ఫీజు కట్టేటప్పుడు రసీదు మాత్రం అడిగి తీసుకోండి.