ర్యామ్ మీద పెట్టిన డబ్బు

ఎనిమిది జీబీల ర్యామ్ గుచ్చి, అందులో సగానికి పైగా నా సిస్టం వాడుకోవడమే లేదని తెలియకుండా ఒక పెళ్లిళ్ల సీజన్ మొత్తం పనిచేశాను. నేను కంప్యూటర్ తెలియనివాణ్ణి కాదు. బోధన్‌లో పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగే నా బతుకుతెరువు. నాకు తెలుసులే అన్న ధీమాతోనే ఆ తెలివితక్కువ పని చేశాను.

అది 2015 డిసెంబర్‌లో షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించిన తర్వాతి సీజన్. చెరుకు పైసలతో నడిచే ఇళ్లలో పెళ్లి ఖర్చు మొదట తెగేది ఫోటోల దగ్గరే. ఆల్బమ్‌లు తగ్గాయి, వచ్చినవాటికి తొందర పెరిగింది. త్వరగా ఇచ్చేవాడికే పని. నా సిస్టమేమో షీటు షీటుకూ హ్యాంగ్ అయ్యేది.

ఎందుకో లెక్క వేస్తే దొరికేది. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 10,800 × 3,600 పిక్సెళ్లు, దాదాపు 3.9 కోట్లు. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున ఒక్క నిండు లేయరే 117 ఎంబీ. అలాంటివి పది పడితే జీబీ దాటుతుంది. ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ దానికి అదనం. ర్యామ్ నిండగానే మిగిలింది హార్డ్ డిస్కులోకి పోతుంది. ర్యామ్‌లోంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే డిస్కులోంచి తేవడానికి నూరో వంతు పడుతుంది. తేడా లక్ష రెట్లు.

కాబట్టి ర్యామ్ కావాలన్న నా అంచనా సరైనదే. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి రెండు 4 జీబీ స్టిక్కులు తెచ్చాను. విండోస్ 7 మాత్రం పాత 32 బిట్‌దే ఉంచాను. 32 బిట్లతో ఇవ్వగలిగిన చిరునామాలు 429 కోట్లు, అంటే 4 జీబీ. అందులో గ్రాఫిక్స్ లాంటి పరికరాల వాటా పోగా మిగిలేది మూడు చిల్లర. ఆ మాట సిస్టం ప్రాపర్టీస్‌లో ఎనిమిది పక్కనే రాసి ఉంది. నేను ఎనిమిదినే చూశాను.

విండోస్ ఇచ్చే స్కోరు 5.9 దగ్గరే ఉండిపోయింది. ఆ స్కోరు సగటు లెక్క కాదు. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, డిస్కుల్లో దేనికి అన్నిటికంటే తక్కువ వస్తే అదే మొత్తం సిస్టం స్కోరు. 7.9 దాకా ఉన్న ఆ కొలతలో తిరిగే డిస్కు 5.9 దాటదు. యార్డులో ఎన్ని బండ్లు నిలిపినా గానుగ నమిలినంతే చెరుకు నలుగుతుందని ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలు చూస్తూ పెరిగినవాణ్ణి. నా బల్ల మీది యంత్రం దగ్గర ఆ ఆలోచనే రాలేదు.

ర్యామ్ మంచిది కాదేమోనని ఇంకా స్పీడుది కొన్నాను. మొదటిసారి రెండు స్టిక్కులూ ఒకే ఛానెల్‌లో పెట్టాను, ఈసారి చెరో ఛానెల్‌లో పెట్టాను. మెమరీ టెస్టు అంకె దాదాపు రెట్టింపయింది. డీడీఆర్3-1600 ఒక ఛానెల్‌లో సెకనుకు 12.8 జీబీ, రెండింటిలో 25.6. ఆ అంకె నిజమే. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో గేములాడేవారికి దాని ఫలితం కంటికి కనిపిస్తుంది. కానీ ఆల్బమ్ సేవ్ కావడానికి పట్టే సమయం తగ్గలేదు, ఎందుకంటే అది డిస్కు పని. సినీబెంచ్ స్కోరూ కదల్లేదు, అది కొలిచేది ప్రాసెసర్‌ను. పెరిగిన ఒక్క అంకెనూ ఫోటో తీసి నిజామాబాద్‌లో తెలిసినవాళ్లందరికీ పంపాను.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ ఫోటోయే. ఖలీల్‌వాడిలో జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల సెంటర్ నడిపే ఒక కుర్రాడు అది చూసి, అప్పు చేసి అవే స్టిక్కులు కొన్నాడు. అతని పనికి నాలుగు జీబీలు చాలు. అతను ఎదురుచూసేది నెట్ కోసం, అవతలి సర్వర్ కోసం. "అన్నా, నీ మాట మీద తెచ్చిన. ఫారం అట్లనే తిరుగుతుంది" అన్నాడు ఫోన్‌లో. నాకు కారణం తెలియదు. తెలియదని చెప్పలేక "సెట్టింగ్ మార్చాలె తమ్మీ" అన్నాను.

చివరికి 64 బిట్ విండోస్ వేశాకే ఎనిమిది జీబీలూ పనిలోకి వచ్చాయి, లేయర్లు కదిలాయి. ఆ తర్వాత సెకనుకు 500 ఎంబీ దాకా చదివే ఎస్ఎస్‌డీ పెట్టాక సేవ్ బాధా తీరింది. ఆ కుర్రాడికి జరిగింది జరిగినట్టు చెప్పి డబ్బు ఇవ్వబోతే సగమే తీసుకున్నాడు.

2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండుతున్నాయి, అందుకే ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ర్యామ్ వేయించుకోమంటావా అని ఎవరడిగినా, అసలు పని నడుస్తుండగా టాస్క్ మేనేజర్ ఫోటో తీసి పంపమంటాను. మెమరీ నిండిపోయి డిస్కు నూరు శాతం చూపిస్తుంటే కొనమంటాను. మెమరీలో ఖాళీ ఉండి డిస్కే నూరు శాతంలో ఉంటే, ఆ డబ్బుతో ముందు ఎస్ఎస్‌డీ తెచ్చుకోమంటాను.